'అంతే' అనేదాకా

నా చిన్నప్పుడు మా బడిలో బెంచీలు లేవు. ఎవరి గోనెపట్ట వాళ్ళం ఇంటి నుంచి తెచ్చుకుని నేల మీద పరుచుకునేవాళ్ళం. పట్ట ఎక్కడ పడితే ఏడాదంతా అదే మన చోటు. మా ఊరు కోసిగికి దగ్గర. వానలు మొహం చాటేస్తే సగం ఊరు సుగ్గికి పోయేది, అంటే పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకాయలు కోసే కూలికి. మాది మగ్గం ఇల్లు కాబట్టి మేము ఎక్కడికీ పోయేవాళ్ళం కాదు. సుగ్గి అంటే ఏదో తిరనాళ్ళకు పోయిరావడం లాంటిదని నేను అనుకునేదాన్ని. అంత తెలివైనదాన్ని మరి!

నేను నాలుగో తరగతిలో ఉండగా, బోర్డుకు ఎదురుగా ముందు వరుసలో కూర్చునే పిల్ల ఒకతె సుగ్గికి పోయింది. పోతూ పోతూ తన పట్టను చుట్టి గోడ వారన పెట్టింది. నేను నాలుగు రోజులు ఆగి ఆ చోట్లో నా పట్ట పరిచాను. ఆమె పట్టను ఇంటికి తీసుకుపోయి మా మేకపిల్ల కింద వేశాను. అది సగం నమిలేసింది.

మూడు నెలలకు ఆ పిల్ల ఎండకు నల్లబడి, చిక్కి తిరిగొచ్చింది. కాసేపు నన్నే చూస్తూ నిలబడి, "నా పట్ట యాడ?" అంది.

"నువ్వు పోతివి కదా. ఇంగ నీకేం చోటు?" అన్నాను.

ఆమె నా జడ పట్టుకుంది. నేను పలకతో కొట్టాను. ఆమె కనుబొమ్మ చిట్లి రక్తం కారింది. అది చూసి కూడా నా నోరు తగ్గలేదు.

కబురు అంది వాళ్ళమ్మ వచ్చింది. "సాలు ఈ సదువు. పా, రేపట్నించి మేకలెంబడి పో," అని కూతురి చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. దెబ్బ తగిలినప్పుడు కూడా ఏడవని పిల్ల!

మా టీచరమ్మ రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చేది. ఆమె దగ్గర బెత్తం ఉండేది గానీ, మ్యాపులో ఊళ్ళు చూపడానికే దాన్ని వాడేది. ఆ రోజు ఆ తల్లిని కాసేపు గడపలో కూర్చోమని బతిమాలి, గాయానికి గుడ్డ కట్టి, మా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది. "ఎవురు ముందు కొట్టినారో నాకొద్దు. నువ్వు ఆ పాపవి, ఆ పాప నువ్వు. 'నేను' అనుకుంటా జరిగింది సెప్పండి. ఎదుటి పాప 'అంతే' అనేదాకా సెప్తానే ఉండల్ల," అంది.

ఇదేదో తేలిక శిక్షే అనుకున్నాను. "నేను సుగ్గికి పోతిని. వచ్చినాను. పట్ట లేదు," అని గబగబా చెప్పేశాను. ఆ పిల్ల అడ్డంగా తలూపింది. ఇంకోసారి ఏదో కలిపి చెప్పాను. మళ్ళీ కాదంది. "తెలీకపోతే అడుగు," అంది టీచరమ్మ.

సిగ్గుపడుతూనే అడిగాను. కాయలు కోసి కోసి చేతులు మంటెత్తితే నీళ్ళలో పెట్టుకుని కూర్చునేదట. చదువు మర్చిపోకుండా చేలో సాలు వెంట ఎక్కాలు వల్లించుకునేదట. తమ్ముడు ఇంటికి పోదామని ఏడిస్తే, "బడిలో నా పట్ట ఉంది, పోంగానే నిన్ను దాని మీద కూర్చోబెడతా," అని ఊరుకోబెట్టేదట.

మూడోసారి అవన్నీ నా నోటితో చెప్పాను. పట్ట దగ్గరికి వచ్చేసరికి తల దించుకున్నాను. నేను చేసింది ఎంత పాడుపనో అప్పుడే తెలిసింది. ఆ పిల్ల మెల్లగా, "అంతే," అంది.

తర్వాత ఆమె వంతు. "నేను ఎనక కూర్చుంటే బోర్డు కనపడదు. సెప్తే నగుతారని ఎవురికీ సెప్పలేదు. అందుకే ముందుకొచ్చినాను," అంది. మా అమ్మకు కూడా చెప్పని సంగతి అది. ఎట్లా తెలిసిందని అడిగితే, పొద్దున నేను ముందు వరుసలో ఉండి కూడా కళ్ళు చిట్లించడం చూశానంది.

"అంతే," అన్నాను.

గడపలో ఉన్న తల్లి కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. "మేకలకు నేనే పోతాలే," అని వెళ్ళిపోయింది. మేమిద్దరం నా పట్ట మీదే ఇరుక్కుని కూర్చున్నాం. ఆ వారంలోనే మా నాయన నన్ను ఆదోనికి తీసుకుపోయి కళ్ళద్దాలు కొనిచ్చాడు.

ఇప్పుడు నా మనవరాలి బడిలో, పిల్లలు కొట్టుకోకుండా మాట్లాడుకోవడం నేర్పేందుకు ఒక పీరియడు పెట్టారట. విని ఎంత సంబరపడ్డానో! ఆ విద్యతోనే నేను ఇన్నేళ్ళు సంసారం నెట్టుకొచ్చాను.

మొన్న మనవరాలికి నేను ఫోను ఇచ్చినందుకు కోడలు కసురుకుంది. రెండు రోజులు మూతి ముడుచుకుని ఉండి, మూడో రోజు వంటింట్లోకి పోయాను. "నేను పొద్దున్నించి పనిలో ఉంటాను. పాపకు ఫోను ఇయ్యొద్దంటే మా అత్త ఇస్తుంది. నా మాటకు విలువే లేదు," అన్నాను.

రొట్టె తడుతున్న కోడలి చేతులు ఆగాయి. నవ్వు ఆపుకుంటూ అంది: "అంతే కాదత్తా, ఇంకా ఉంది."

పీట వాల్చుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. "ఏం వదిలేసినానో సెప్పు తల్లీ," అన్నాను.