సరోజమ్మ గుట్ట

నగర శివారులో నార్సింగి వెనకున్న గడ్డి గుట్ట తనదేనని సరోజమ్మ నమ్మకం. కాగితాలేమీ లేవు. చిన్నప్పటి నుంచి పెళ్లయ్యేదాకా రోజూ ఆ గుట్టెక్కి రెండు బర్రెలకు గడ్డి కోసుకొచ్చింది, అంతే. ఇప్పుడామెకు యాభై రెండేళ్లు. కొండాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఊడ్చి తుడిచే పని చేస్తోంది.

అదే ఆఫీసులో ఓబులమ్మ కూడా పనిచేస్తుంది. గద్వాల వైపు మనిషి, పదేళ్లు చిన్నది. చేరి ఏడాది కాకముందే ఆఫీసు అమ్మాయిలందరూ ఆమెను పేరు పెట్టి పలకరించసాగారు. సరోజమ్మకు అది నచ్చేది కాదు.

ఒక సోమవారం ఓబులమ్మ తన ఫోన్‌లో ఫోటో చూపించింది. గుట్ట కొన మీద ఆమె, చుట్టూ ఆఫీసు అమ్మాయిలు. హెచ్‌ఆర్ మేనేజరు భార్గవి ఆదివారం పొద్దున వాళ్లను నడకకు తీసుకెళ్తూ, ఇడ్లీ డబ్బాలు మోయడానికి ఓబులమ్మను తోడు రమ్మందట.

"గుట్ట మంచిగుంది అక్కా. నువ్వెప్పుడన్న ఎక్కినవా?"

సరోజమ్మ చేతిలోని తుడిచే గుడ్డను బకెట్లో పడేసింది. "గా గుట్ట కిందనే పుట్టినదాన్ని నేను. నన్నడుగుతున్నవా," అని చీపురందుకుని వెళ్లిపోయింది.

వారమంతా ముక్తసరిగానే మాట్లాడింది. ఓబులమ్మ తుడిచిన అద్దాలను మళ్లీ తుడిచింది. శుక్రవారం ఇక ఉండబట్టలేక భార్గవి దగ్గరికెళ్లి, తను ఆ గుట్ట కిందే పెరిగానని, దానికి అడ్డదారి తనకు తెలుసని చెప్పింది.

"ముందే చెప్పాల్సిందండి. ఈసారి మీరిద్దరూ రండి," అంది భార్గవి.

ఇద్దరూ అన్న మాట సరోజమ్మకు గుచ్చుకుంది.

ఆదివారం ఆరింటికి గుట్ట కింద చేరారు. వానలు ఆగి నెల కాలేదు. మోకాలెత్తు గడ్డి మంచుకు తడిసి ఉంది. అందరూ వాలు బాట పట్టారు. సరోజమ్మ చీర ఎగ్గట్టి, బండల సందులోంచి పాత దారిన పడింది. మోకాళ్లు పట్టేశాయి, ఊపిరందలేదు. అయినా ఆగలేదు. ఓబులమ్మ కన్నా ముందుండాలి. ఉంది కూడా. వాళ్లు వచ్చేసరికి కొన మీద బండనానుకుని నవ్వుతూ నిలబడింది.

"మీ ఇల్లు ఎటువైపుండేదండి?" అని అడిగింది భార్గవి.

సరోజమ్మ చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఎటు చూసినా మేడలే. జొన్నచేలు లేవు, వాగు లేదు, తమ పెంకుటిల్లున్న చోటేదో ఆనవాలు దొరకలేదు.

"గా పక్కనే యాడనో," అని చెయ్యి దించేసింది.

డబ్బాలు దించుతున్న ఓబులమ్మ నడుం నిలబెట్టి చూపించింది. "గా నీలం అద్దాలది ఉన్నది గదా, దాన్ల పద్నాలుగో అంతస్తు దాంక ఇసుక మోసిన. దాని పక్క షెడ్డులనే నా బిడ్డ పుట్టింది. గా పొడుగుదాని మీదికెల్లే మా ఆయన జారి కింద పడ్డడు."

"తర్వాత?" అని ఒకమ్మాయి మెల్లగా అడిగింది.

"పోయిండు. అప్పటిసంది ఇగ గీ ఊడ్చుడు పని."

అందరూ ఓబులమ్మ చుట్టూ చేరారు. సరోజమ్మకూ గుండె కలుక్కుమంది. కానీ తన గుట్ట మీద నిలబడి తను చెప్పలేనిది ఓబులమ్మ చెప్పేసింది. అంత దుఃఖం విన్నాక కూడా లోపలి కుళ్లు చావనందుకు తన మీద తనకే సిగ్గేసింది.

దిగేటప్పుడు ఓబులమ్మ కాలు తడి గడ్డి మీద జారింది. డబ్బాలు పట్టుకుని అక్కడే కూలబడి, లేవడానికి భయపడింది. ఇరవై అడుగుల కింద సరోజమ్మ వెనక్కి తిరిగి చూసింది. పడితే పడనీ అని ఒక్క క్షణం అనిపించింది. తర్వాత మళ్లీ పైకెక్కింది.

"డబ్బాలు ఇటియ్యి. అడ్డంగ నడువు, మడిమ ముందల పెట్టు."

ఇద్దరూ కొంత దూరం దిగారు.

"గా పొడుగు బిల్డింగు కాడ మా మామ చేను ఉండె కావచ్చు," అంది సరోజమ్మ.

"అయితుంటది అక్కా. పునాది తవ్వినప్పుడు నల్లమట్టి ఎల్లింది. మంచి మట్టి."

"రేగడి. జొన్న మస్తు పండుతుండె."

సరోజమ్మ అసూయ అంతటితో పోలేదు. ఇప్పటికీ ఎవరైనా ఓబులమ్మను ముందు పలకరిస్తే ఆమె మొహం ముడుచుకుంటుంది. అయితే మొన్న ఆదివారం ఓబులమ్మకు జ్వరమొస్తే, తనూ గుట్టకు రానని సరోజమ్మ భార్గవికి ఫోన్ చేసి చెప్పింది.

"మీరు రావచ్చు కదండి?"

"నేనొక్కదాన్నే వచ్చి ఏం జూస్త మేడం," అంది సరోజమ్మ.