గుట్ట ఎదుట ఒడిబియ్యం

మీ అమ్మ పుట్టిన ఇంటి వాకిట్లో నిలబడితే ఎదురుగా ఏం కనిపించేదో మీకు తెలుసా? మొన్నటి కార్తీకం దాకా నాకూ తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు.

నేను ఈ యాత్రకు బయలుదేరిన కారణం వేరు. పర్యాటకం స్థానికులకు మేలు చేస్తుందా అన్న అంశం మీద మా కళాశాల చర్చా పోటీల్లో ఒకసారి అనుకూలంగా, మరొకసారి ప్రతికూలంగా మాట్లాడి, రెండుసార్లూ గెలిచాను. చూడని కొండల గురించి అంత ధీమాగా మాట్లాడడం న్యాయమా అన్న సందేహం తరువాత పట్టుకుంది. జనగామలో ఒక గోడ మీద ‘ఒక్కరోజు కొండల యాత్ర’ అన్న ప్రకటన కనిపించగానే ఫోన్ చేశాను. టికెట్టు తొమ్మిది వందలు. టిఫిన్, భోజనం అందులోనే.

తెల్లవారుజామున ఐదున్నరకు జనగామలో బస్సు కదిలింది. మంచు ఎంత దట్టంగా ఉందంటే, ఊరు దాటామో లేదో కూడా తెలియలేదు. తాటిచెట్లు మొదళ్లు లేకుండా గాలిలో తేలుతున్నట్టు వచ్చి, వెనక్కి జారిపోయాయి. మా గైడు రాజు టేకుమట్ల యువకుడు. మైకు అందుకుని, “గౌరవనీయులైన ప్రయాణికులారా, నేటి మన విహారం మీకు మధురానుభూతిని కలిగించుగాక” అన్నాడు.

వెనుక సీటులోంచి ఒక రైతు గొంతు లేచింది. “తమ్మీ, వార్తలు చదువుతున్నవా ఏంది? జర మనం మాట్లాడుకున్నట్టు మాట్లాడరాదు.”

బస్సంతా నవ్వింది. ఆ రైతును అందరూ సత్తన్న అంటున్నారు. రాజు కూడా నవ్వి మైకు పక్కన పెట్టాడు. “సరే అన్నా, గట్లనే. గిప్పుడు పెద్దవంగర వస్తది, ఆడ ఒక్కామె ఎక్కుతది.”

ఎక్కిన ఆమె పేరు మల్లవ్వ. అరవై దాటి ఉంటాయి. కొండల యాత్రకు పట్టుచీర కట్టుకుంది, కాళ్లకు పసుపు రాసుకుంది. నా పక్కన కూర్చుంది; కిటికీ సీటు ఇస్తానంటే వద్దనలేదు. మహబూబాబాద్‌లో ఎనిమిదింటికి టిఫిన్‌కు ఆగాం. ఇడ్లీ వేడిగా ఉంది, పల్లీ చట్నీ ఘాటుగా ఉంది. మల్లవ్వ మాత్రం చాయ్ తాగి ఊరుకుంది. అక్కడే మేరీ అనే నర్సు ఎక్కి, మా ముందు సీటులో కూర్చుంది.

అక్కడి నుంచి దారి ఒక కలలా సాగింది. మిరప చేలు, తెల్లగా పగిలిన పత్తి, కోతకు వంగిన వరి. మంచు పలచబడుతున్న కొద్దీ రంగులు ఒక్కొక్కటిగా నిద్ర లేచాయి. నేను సగం మెలకువలో ఉన్నాను. మల్లవ్వ కళ్లు మాత్రం కిటికీని వదలలేదు.

“గుట్ట ఎక్కగలవా అవ్వా?” అని అడిగాను. పాండవుల గుట్ట మా యాత్రలో చివరి మజిలీ.

“ఎక్కుటానికి గాదు బిడ్డా, చూసుటానికి. మా తల్లిగారి వాకిట్ల నిలబడితె గా గుట్ట నీలంగ కనబడేది. పొద్దు దాని ఎనుకకే పోయేది.”

“మీ ఊరు ఆ దగ్గరేనా?”

“ఊరేది? బొగ్గు గనుల కింద వోయింది. మా అన్న సచ్చిపోయిండు. వదినె పట్నంల కొడుకు కాడుంటది. ఒడిల బియ్యం పడక శాన ఏండ్లాయె.”

ఆడపడుచు ఒడిలో పుట్టింటివారు పసుపు కలిపిన బియ్యం పోసి దీవించడం మా వైపు ఆచారం. నేను అలవాటుగా ప్రశ్నించాను. “బియ్యం నువ్వే తెచ్చుకుని ఉండవచ్చు కదా?”

ఆమె నా వైపు తిరిగింది. “నా బియ్యం నేనే పోసుకుంటె నేను ఎవల బిడ్డను?”

ఆమె తానే చెప్పింది. గుట్ట ముందు కొంగు పట్టి నిలబడుతుందట. ఆ దిక్కు మనిషి ఎవరైనా పిడికెడు పోస్తే చాలట. పొద్దు గూకితే మాత్రం పోయకూడదు. “ఎవ్వలకు చెప్పకు బిడ్డా, నవ్వుతరు,” అంది. చెప్పనని మాట ఇచ్చాను.

నర్సంపేట దాటగానే టైరు పంక్చరైంది. అదనపు టైరులోనూ గాలి లేదు. మెకానిక్ వచ్చి బాగు చేసేసరికి పదకొండున్నర దాటింది. తరువాత ములుగు అడవి. టేకు ఆకుల మీద నుంచి ఎండ మెట్లు మెట్లుగా దిగుతోంది. రోడ్డు ఎక్కి దిగినప్పుడల్లా దూరాన ఒక కొండ వరుస కనిపించి, మళ్లీ మాయమయ్యేది.

ఘనపూర్ చేరేసరికి రెండు కావస్తోంది. కోటగుళ్లలో రాతి నాట్యగత్తెల నడుము వంపును ఎండ నిదానంగా తడుముతోంది. ఇంకాసేపు ఉండాలనిపించింది గాని, రాజు తొందరపెట్టాడు. ఊళ్లోని మెస్‌లో భోజనానికి కూర్చున్నాం. పప్పు, వంకాయ కూర, పచ్చి పులుసు. మూడింటికి రాజు తల గోక్కుంటూ నిలబడ్డాడు.

“లేటయింది గద. ఓనరు గుట్ట ఒద్దన్నడు. ఈడికెల్లి సీదా ములుగు మీదికెల్లి ఇంటికి పోదాం.”

మల్లవ్వ ముఖం చూశాను. ఆమె తన విస్తరాకు మడత కూడా విప్పలేదు. నేను లేచాను. టికెట్టు ఒక వాగ్దానమనీ, వాగ్దానాన్ని ఒక పక్షమే మార్చడం తగదనీ, ఆలస్యానికి బస్సు కారణం గనుక నష్టం ప్రయాణికులు భరించరాదనీ వరుసగా వాదించాను. అసలు కారణం ఒక్కటే బలమైనది. దాన్ని చెప్పే హక్కు నాకు లేదు.

“చెల్లె, ఉపన్యాసం మంచిగున్నది,” అన్నాడు సత్తన్న. “గని రేపు పొద్దుగాల నాకు కోత మిషిన్ వస్తది. జల్ది ఇల్లు చేరాలె.”

“మా పోరగాండ్లకు బడి ఉన్నది,” అన్నారు ఇంకెవరో. తలలన్నీ ఊగాయి. పోటీల్లో ఏనాడూ ఓడనంత పూర్తిగా ఓడి కూర్చున్నాను.

అప్పుడు మేరీ అక్క మల్లవ్వ ఆకు వైపు చూసింది. “పొద్దటి సంది చూస్తున్న. ఏం తినవేంది అవ్వా? షుగరున్నదా?”

“ఒక్కపొద్దున్న బిడ్డా.”

“ఎందుకు?”

మల్లవ్వ కొంగు సర్దుకుంది. ఒక క్షణం నా వైపు చూసి, ఇక దాచలేదు. “ఒడిబియ్యం పోసుకునే దినం గద. గా గుట్టనే నా తల్లిగారిల్లు. ఊరు లేదు. గదొక్కటే మిగిలింది.”

అందరి చేతులూ ఆకుల మీద ఆగిపోయాయి. పచ్చి పులుసు వడ్డిస్తున్న, మెస్ నడిపే ఆమె గరిటె గిన్నెలో పెట్టి, ఏ ఊరని అడిగింది. మల్లవ్వ చెప్పింది. మెస్ ఆమె లోపలికి వెళ్లి, ఒక పళ్లెం నిండా బియ్యం, పసుపు డబ్బా, రెండు ఎండుకొబ్బరి కుడుకలు తెచ్చింది.

“మా పొలం వడ్లే అవ్వా. గీ దిక్కు బియ్యమే.”

“మిషిన్ వచ్చేది రేపు గద, ఇయ్యాల గాదు,” అన్నాడు సత్తన్న చేయి కడుక్కుంటూ. “డ్రైవరన్నా, ఇంకేం జూస్తున్నవు? పొద్దు గూకుతది, బండి తియ్యి!”

రాజు ఓనరుకు ఫోన్ చేయలేదు. మల్లవ్వ దగ్గర వంగి, పొద్దటి నుంచి ‘అవ్వా’ అన్నవాడు పిలుపు మార్చాడు. “అత్తా, మా టేకుమట్ల గీ దిక్కే. నీ అన్న కొడుకును నేననుకో. నేను పోస్త.”

భూపాలపల్లి మీదుగా రేగొండ వైపు మళ్లాం. ఆ దారి నాకు స్పష్టంగా గుర్తు లేదు. అందరి కళ్లూ కిటికీల నుంచి పొద్దు ఎత్తునే కొలుస్తున్నాయి. ఐదుంపావుకు గుట్ట ముందు దిగాం. ఎర్రటి రాతి గోడల అంచులు లోపల దీపం పెట్టినట్టు వెలుగుతున్నాయి. గాలిలో ఎండుగడ్డి వాసన.

మల్లవ్వ గుట్ట వైపు తిరిగి కొంగు పట్టింది. రాజు మొదట పోశాడు. తరువాత బస్సులోని ఆడవాళ్లు ఒక్కొక్కరే దోసిళ్లతో వచ్చారు. మేరీ అక్క దూరంగా ఆగింది.

“మేం చర్చికి పోయేటోళ్లం అవ్వా. నాకు మొగడు గూడ లేడు.”

“నీ చేతుల బియ్యం ఉన్నయా, లేవా?”

“ఉన్నయి.”

“పొయ్యి మరి.”

ఆచారం ఎవరిని దూరం పెడుతుందో ఎత్తిచూపడానికి నేను దారి పొడవునా ఒక ప్రశ్న సిద్ధం చేసుకున్నాను. దాన్ని అడిగే అవసరం రాలేదు.

నా వంతు ముగిశాక మల్లవ్వ ఒడిలోంచి ఐదు పిడికిళ్లు తీసి బండ మీద పోసింది. బిడ్డ వెళుతూ పుట్టింట్లో కొంత వదిలి వెళ్లాలి గదా. “సల్లగుండు,” అంది గుట్టతో. పొద్దు గుట్ట వెనక్కి జారింది. నీలం మొదలైంది.

పరకాల, హన్మకొండ దాటి తిరుగు ప్రయాణం. బస్సులో సగం మంది నిద్రలో ఉన్నారు. మల్లవ్వ ఒడిలో మూటతో, తల కిటికీకి ఆనించి, చిన్నపిల్లలా నిద్రపోయింది. పెద్దవంగరలో దిగుతూ, “రేపు వండుత, తినిపో బిడ్డా,” అంది. చర్చలో గెలిచినప్పుడు చప్పట్లు కొడతారు. ఆ పిలుపు ముందు అవి ఎందుకో చిన్నవనిపించాయి.

ఇంటికి వచ్చి మా అమ్మను అడిగాను, నువ్వు పుట్టిన ఇంటి వాకిట్లోంచి ఏం కనిపించేదని. “గిప్పుడెందుకే గది?” అంది. ఆ తరువాత స్టవ్ ఆపి కూర్చుని, ఒక మోదుగు వనం గురించి, దాని అవతలి వాగు గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఈ మాట వినడానికి నేనింత కాలం ఎందుకు ఆగానో నాకు అర్థం కాలేదు.

ఇక మీ వంతు. ఈరోజే మీ ఇంట్లో ఆడవాళ్లను ఆ ఒక్క ప్రశ్న అడగండి. జవాబు పూర్తిగా వినండి. తరువాత రెండు టికెట్లు కొని ఆ దిక్కుకు బయలుదేరండి. కిటికీ పక్క సీటు ఆమెకే ఇవ్వండి.