తలుపు వెనక జానెడు నేల

ఈ ఉదయం కర్నూలులో, మా ల్యాబ్ గుమ్మం దగ్గర యాసిడ్ సీసా మూత బిగిస్తుంటే ఒక చుక్క జారి కింద పరిచిన కడప బండ మీద పడింది. సుర్రుమని చిన్న శబ్దం. పెసరగింజంత మేర తెల్లటి నురగ లేచి వెంటనే అణిగిపోయింది. కొత్తగా చేరిన అమ్మాయి తడిగుడ్డ తెచ్చి తుడిచి, "ఏం కాలేదు సార్, నల్లగానే ఉంది" అంది. ఆరేదాకా ఆగమన్నాను. ఫ్యాను గాలికి తడి ఆరాక నల్లటి బండ మీద బూడిదరంగు మచ్చ ఒకటి తేలింది. మోకాళ్ల మీద కూర్చుని దాని మీద అరచెయ్యి పెట్టాను. గరుకుగా తగిలింది. ఆ గరుకు తగిలితే నాకు ఒక్క మనిషే గుర్తొస్తాడు. ఆయన పేరు మహబూబ్ బాషా. అందరం బాషా మామ అనేవాళ్లం.

కెమికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి నేను మొదట చేరింది ఎర్రగుంట్ల శివార్లలోని ఒక చిన్న యూనిట్‌లో. రేకుల షెడ్డు, లోపల కలిపే పీపాలు నాలుగు, బయట సిమెంటు దుమ్ముతో బూడిదరంగుకు తిరిగిన వేపచెట్టు. ఇళ్లకు ఫినాయిలు, లారీలు కడిగే ద్రవం, ఫ్యాక్టరీ క్యాంటీన్లకు చేతులు కడుక్కునే సబ్బునీళ్లు, టైల్స్ క్లీనరు అక్కడ తయారయ్యేవి. దేన్నయినా వరస వేసి రాసుకోవడం నాకు అలవాటు. మొదటిరోజే నోటుబుక్కులో అందరి పేర్లూ రాసి, ఎదురుగా ఎవరు ఏ పని చేస్తారో రాసుకున్నాను. బాషా మామ పేరు దగ్గర ఆ గడి ఖాళీగా ఉండిపోయింది. ఆయన ముప్పై ఏళ్లు బండలకు పాలిష్ పట్టిన మేస్త్రి. మోకాళ్ల మీద చర్మం నల్లగా కాయలు కాచి ఉండేది. రాతిదుమ్ముకు ఊపిరి చెడి ఆ పని మానేశాక, మా యజమాని రెడ్డి సారు ఆయన్ని యూనిట్‌లో పెట్టుకున్నాడు. కొత్త సరుకు ఏది తయారైనా ముందుగా ఎవరో ఒకరి ఇంట్లో వాడి చూడాలి. వాడి చూసి, బాగుందో లేదో చెప్పేది బాషా మామ. ఆయన బాగుందంటే చుట్టుపక్కల మేస్త్రీలు, దుకాణాలవాళ్లు ఇక రెండో మాట అడిగేవాళ్లు కాదు.

ఆయనతో మొదటిసారి వెళ్లింది ఒక రైల్వే ఉద్యోగి ఇంటికి. నేను సంచిలోంచి సీసా తీసి హాలు మధ్యలో పోయబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏమప్పా ఇంజనీరు, పెండ్లికూతురి మొగానికే నేరుగా పూస్తాండావే? తలుపెనకకు రా."

వీధి తలుపు లోపలికి తెరిస్తే దాని వెనక గోడకూ తలుపుకూ మధ్య కొంచెం నేల ఎవరి కంటా పడకుండా ఉంటుంది. అక్కడ జానెడు మేర పూసి, ఇంటివాళ్లు ఇచ్చిన టీ తాగి, తుడిచి, పూర్తిగా ఆరాక చూడాలి. అదీ ఆయన పద్ధతి. నేల ఏదైనా, సరుకు ఏదైనా, అంతకుముందు వందసార్లు వాడిందే అయినా అంతే. ఆరాక నేను వంగి చూసి బాగుందన్నాను. "కండ్లతో కాదప్పా, అరచేత్తో సూడు" అన్నాడు. "కన్ను మెరుపుకు మోసపోతాది. చెయ్యి మోసపోదు."

నాకు లోలోపల నవ్వొచ్చింది. ల్యాబులో నా దగ్గర మెరుపు కొలిచే పరికరం ఉంది. చేతులు కడుక్కునే సబ్బునీళ్ల విషయంలోనూ ఇలాగే జరిగింది. ఆమ్లగుణం, నురగ, చిక్కదనం అన్నీ నా పట్టికలో సరిగ్గా ఉన్నాయి. ఆయన ఒక మధ్యాహ్నం దాంతో పదిసార్లు వరసగా చేతులు కడుక్కుని, తుడుచుకుని, రెండు అరచేతులూ నా చెవి దగ్గర పెట్టి రుద్దాడు. ఎండుటాకులు రాసుకున్నట్టు చప్పుడు.

"వింటాండావా? క్యాంటీన్లో గిన్నెలు తోమే ఆడోళ్లు దీంతో దినానికి ముప్పైసార్లు కడుక్కోవాల. సాయంత్రం పోయి పిల్లోని మొగం నిమరొద్దా?"

ఆ వారం గ్లిజరిన్ పెంచాను. నా పట్టికలో చర్మం అనే గడి అప్పటిదాకా లేదని కూడా ఆ వారమే గమనించాను. అయినా ఆయన చెప్పింది అనుభవం, నాది శాస్త్రం అనుకునే పొగరు మాత్రం పూర్తిగా పోలేదు.

అది పోవడానికి ఇంకో ఏడాది పట్టింది. మా ప్రాంతంలో బోరు నీళ్లన్నీ ఉప్పునీళ్లే. స్నానాలగది టైల్స్ మీద, కుళాయిల కింద తెల్లగా పెచ్చు కడతాయి. ఆ పెచ్చును కరిగించే క్లీనరు ఒకటి సొంతంగా తయారుచేశాను. రెండు ఆమ్లాలు, ఆమ్లం లోహాన్ని తినకుండా ఆపే మందు, చిక్కదనానికి ఒకటి, వాసనకు ఒకటి. పన్నెండు రకాల టైల్స్ మీద పరీక్షించాను. రెడ్డి సారు సంతోషించి సీసాలు, లేబుళ్లు సిద్ధం చేయమన్నాడు. బాషా మామ వాడి చూడటమే మిగిలింది. ఆ రోజు ఆయన దగ్గు ఎక్కువై కడప ఆస్పత్రికి వెళ్లాల్సి వచ్చింది. బస్టాండుకు పోతూ నాకు చెప్పాడు: "జమ్మలమడుగు పక్కన నేతోళ్ల ఊర్లో చౌడమ్మ ఇంటికి పో. నేను పంపినానని చెప్పు. తలుపెనక మర్చిపోవాకు."

చౌడమ్మ నలభై దాటిన మనిషి. భర్త మగ్గం నేస్తాడు. నేసిన నూలు చీరలను హాల్లో నేల మీద పరిచి, పోగులు సరిచూసి, మడతలు పెట్టేది ఆమె. ఇరుగుపొరుగు మగ్గాల చీరలు కూడా ఆమె దగ్గరికే మడతకు వచ్చేవి. ఆ హాలు నేల నల్లటి కడప బండలు. ఎన్నో ఏళ్ల కిందట వాటికి పాలిష్ పట్టింది బాషా మామే.

స్నానాలగదిలో నా క్లీనరు అద్భుతంగా పనిచేసింది. తెల్లటి పెచ్చంతా బుసబుసమని కరిగి, కింద నీలం పువ్వుల టైల్స్ బయటపడ్డాయి. చౌడమ్మ చెంప మీద చెయ్యి పెట్టుకుంది. "ఈ పువ్వులు ఉండాయని మేమే మర్చిపోయినాం నాయనా" అని నవ్వి, హాలు వైపు చూపించింది. రోజూ బోరు నీళ్లతో తుడిచి తుడిచి అక్కడా బండల మీద పలచటి తెల్లదనం పట్టింది. "ఇది గూడా పోతాదా?"

పోతుందన్నాను. నీళ్లు కలిపి మాపుతో హాలంతా పూశాను. బుస వచ్చింది. ఉప్పు కరుగుతోంది అనుకున్నాను. ఆమె ఇచ్చిన టీ కూర్చుని తాగాను. నీళ్లు పోసి కడిగితే నేల నల్లగా, అద్దంలా మెరిసింది. సంచి సర్దుకుంటుంటే బాషా మామ ఆస్పత్రి వరండాలోంచి ఫోన్ చేశాడు.

"తలుపెనక సూసినావా?"

"సూసినా మామా."

"టీ తాగినావా?"

"తాగినా."

రెండో జవాబు నిజం. మొదటిది ఎందుకు చెప్పానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ క్షణానికి అది అబద్ధంలా అనిపించలేదు. నేల తడిగా ఉండగానే అక్కడినుంచి వచ్చేశాను.

మర్నాడు ఉదయం చౌడమ్మ యూనిట్‌కు ఫోన్ చేసింది. ఆరాక హాలంతా బూడిదరంగుకు తిరిగిందట. అది కాదు ఆమె బాధ. మడత పెట్టడానికి పరిచిన చీరను లాగితే నేల పోగులు పట్టుకుంటోందట. రెండు చీరలు పాడయ్యాయి. పొరుగువాళ్లు మడతకిచ్చిన చీరలు వెనక్కి పట్టుకుపోయారు.

విషయం నాకు నిమిషంలో అర్థమైంది. నీళ్లలోంచి టైల్స్ మీద పేరుకునే తెల్లపెచ్చు కాల్షియం కార్బొనేట్. కడప బండ సున్నపురాయి, అదీ కాల్షియం కార్బొనేట్. కళాశాలలో రెండింటినీ చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. కానీ నేను పరీక్షించిన పన్నెండు నమూనాల్లో బండ ఒక్కటీ లేదు. ఈ కడప, కర్నూలు జిల్లాల్లో ఏ ఇంటికి పోయినా కాలు పెట్టేది ఆ బండ మీదే. నేనూ దాని మీదే పాకి నడక నేర్చాను.

రెడ్డి సారు లేబుల్ తీసి చూశాడు. "టైల్స్‌కు మాత్రమే అని రాసినాం గదా. రాతి మీద ఆమె పోసుకుంటే మనమేం చేస్తాం? అట్లనే చెప్పండి" అన్నాడు. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన బాషా మామ నా వైపు చూశాడు. "నువ్వు పోసినావా, ఆమె పోసిందా?" అని అడగలేదు. "పోయి సూసొద్దాం పా" అన్నాడు. నేనే పోశానని సారుకు చెప్పలేదు. ఆ ముప్పావుగంట బస్సు ప్రయాణంలో మామకూ చెప్పలేదు. నేను నోరు విప్పకపోతే తప్పు చౌడమ్మదే అవుతుంది. ఆమె మాట ఒకవైపు, అచ్చువేసిన లేబుల్ ఒకవైపు.

చౌడమ్మ మమ్మల్ని తిట్టలేదు. పాడైన చీర తెచ్చి చూపించింది. అంచు పక్కన పోగులు లేచి గీరినట్టు ఉన్నాయి. "నువ్వు పంపిన మనిషని నమ్మి ఇచ్చినా అన్నా" అని మాత్రం అంది. బాషా మామ మోకాళ్ల మీద కూర్చుని నేలకు అరచెయ్యి ఆనించాడు. అలా పాకుతూనే గోడ దాకా వెళ్లి, వీధి తలుపును మెల్లగా ముందుకు లాగాడు. ముందురోజు తలుపు గోడకు ఆని ఉండటంతో నా మాపు దాని వెనక్కి పోలేదు. బూడిదరంగు హాలులో అక్కడ జానెడు నేల నల్లగా, నున్నగా, ఆయన ఎప్పుడో పట్టిన పాలిష్‌తో అలాగే ఉంది. నేను పరీక్ష చేసి ఉంటే మచ్చ పడి ఉండాల్సింది అక్కడ. ఆయన దాన్ని చూశాడు. తలుపును మళ్లీ గోడకు ఆనించాడు.

"నేనే పోసినాను అక్కా" అన్నాను. "సారుకు గూడా నేనే చెప్తాను. మామా, నీకు అబద్ధం చెప్పినా. తలుపెనక సూడలేదు."

"తెలిసింది లేప్పా" అన్నాడాయన నేలను చూస్తూనే. అరచెయ్యి దులుపుకుని, "యాసిడ్‌కు ఏది మురికో, ఏది నేలో తెలీదు. అది మనకు తెలియాల" అన్నాడు.

ఆ నేలను చేత్తోనే మళ్లీ పాలిష్ పట్టాం. మిషన్ తెస్తే దుమ్ము లేస్తుందని నేనే వద్దన్నాను. ఆరు రోజులు పట్టింది. గరుకు నుంచి నునుపు దాకా ఐదు రకాల పాలిష్ రాళ్లు, ప్రతి రాతికీ నీళ్లు, ప్రతి దశ తర్వాతా అరచెయ్యి. ఆయన స్టూలు మీద కూర్చుని చెబితే చాలన్నాను. ఒక పూట కూర్చున్నాడు. "రాయిని నేలకేసి కొడతాండావు, తిప్పాలప్పా తిప్పాల, రాగిముద్ద కలిపినట్ల" అని విసుక్కుని తనూ కిందికి దిగాడు. దగ్గు వచ్చినప్పుడల్లా ఆగేవాడు, తగ్గగానే మొదలుపెట్టేవాడు. ఇక ఇంటికి పొమ్మని బతిమాలితే, "నీ చేతికింకా రాయి తెలీదు. తెలిసినాక పోతా" అన్నాడు. చివరి దశలో ఆక్సాలిక్ పొడి చల్లి, తడి గోనెపట్టతో రుద్దించాడు. అదీ ఆమ్లమే. కానీ ఇది రాతిని తినేయకుండా, రాతితో కలిసి పలచటి పొరగా కుదురుకుంటుంది. ఆ తేడా నేను పుస్తకంలో చదివిందే. దాన్ని చేతితో తెలుసుకున్నది ఆ రోజు.

అంతా ఆరాక చౌడమ్మ భర్త మగ్గం మీదనుంచి లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె కొత్త చీర ఒకటి పొడవునా పరిచి, ఒక కొస పట్టుకుని మెల్లగా తన వైపు లాగింది. ఆరు గజాలూ నేల మీద జారుతూ వచ్చాయి. ఎక్కడా ఆగలేదు. ఆమె మడత మొదలుపెట్టింది.

బయటికి వచ్చేటప్పుడు బాషా మామ తలుపు లాగి ఆ జానెడు నేలను చూపించాడు. "ఈ ఒక్క చోటు చెడిపోయుంటే హాలంతా బాగుండేది. గుర్తు పెట్టుకో. చెడగొట్టేది ఏదైనా ఉంటే ముందు ఈడ చెడగొట్టాల." ఆ విషయం మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

రెడ్డి సారుకు జరిగింది చెప్పాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత లేబుల్ మార్పించాడు. కడప బండ, బేతంచెర్ల బండ, మొజాయిక్, పాలరాయి వీటి మీద వాడకూడదని పెద్ద అక్షరాలతో ముందువైపే వేశాం. ఆ వాక్యం రాసింది నేను. చదివి వినిపించమని, "దేవుడిగది నేల అని గూడా రాయప్పా" అని ఆ మాటలు చేర్పించింది బాషా మామ.

మరుసటి ఎండాకాలం ఆయన మంచం పట్టాడు. ఊపిరితిత్తుల్లో ఉన్నది ముప్పై ఏళ్ల దుమ్మని డాక్టరు చెప్పాడు. తడి పెట్టి చేసిన పాలిష్‌లో దుమ్ము లేవదని నాకు తెలుసు. ఆ ఆరు రోజుల వల్ల ఆయనకు ఏమీ కాలేదని శాస్త్రప్రకారం చెప్పగలను. ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను కూడా. ఆ దగ్గు మాత్రం నా చెవుల్లోంచి పోలేదు. చివరిసారి వెళ్లినప్పుడు ఆయన మాట్లాడే స్థితిలో లేడు. నా చెయ్యి తీసుకుని, అరచేతిని తిప్పి, వేళ్ల మొదళ్లలో బొటనవేలితో ఒత్తి చూశాడు. అక్కడ చిన్న కాయలు రెండు మిగిలి ఉన్నాయి. తల ఊపాడు. పది రోజులకు పోయాడు.

ఇప్పుడు నేను పనిచేసే చోట పరీక్షలకు అచ్చువేసిన పత్రం ఉంది. అందులో మొదటి గడి "తలుపు వెనక", రెండోది "ఆరిన తర్వాత, అరచేతితో". కొత్తగా చేరినవాళ్లు నవ్వుతారు. నవ్వనిస్తాను. ఈ ఉదయం ఆ అమ్మాయి చెయ్యి కూడా ఆ మచ్చ మీద పెట్టించాను. ఆమె వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. "గరుగ్గా ఉంది సార్" అంది, నవ్వకుండా.

ఎవరి ఇంటికైనా సరుకు వాడి చూడటానికి వెళ్తే పని అయ్యాక సంచి సర్దుకుని, బయటికి వచ్చే ముందు వీధి తలుపును ముందుకు లాగుతాను. వంగి అరచెయ్యి ఆనిస్తాను. అడిగే మనిషి లేడు. అయినా లేచేటప్పుడు, ఇంటివాళ్లకు వినపడనంత మెల్లగా, ఒకప్పుడు ఫోన్లో చెప్పిన మాటే మళ్లీ చెబుతాను.

"సూసినా మామా."