చేపల చెరువు గట్టు మీద టమాటా

మార్తమ్మకి యాభై దాటాయి. పుట్టింది కోడూరులో. నాట్లు వేసింది ఊరందరి పొలాల్లో, కోసిందీ ఊరందరి పంటలే. తనదంటూ నాలుగు మొక్కలు పెంచింది మాత్రం ముదినేపల్లి దగ్గర గంగాధరరావు గారి చేపల చెరువు గట్టు మీదే. మొగుడు ఎలీషా ఆ చెరువుకి కాపలా. గుడిసె పక్కన ఖాళీ జాగాలో ఆవిడ టమాటా వేసింది. కాయలు పడ్డాక ఆవిడ నడకే మారిపోయిందంటే నమ్మండి.

అంతలో కాయతొలుచు పురుగు దిగింది. పచ్చగా, వేలెడంత ఉండి, తల కాయలో దూర్చి ఒళ్ళు బయటపెట్టుకుని, అడిగేవాడు లేనట్టు తింటోంది. ఎలీషా మందు సీసా తెచ్చాడు. అది గంగాధరరావు గారి కంట పడింది.

"ఆ మందు నీళ్ళలో పడితే నా చేపలన్నీ తేలిపోతాయి. వచ్చే నెల చేపల పట్టుబడి. ఈలోగా పురుగైనా పోవాలి, మొక్కలైనా పోవాలి," అని సీసా పట్టుకెళ్ళిపోయారు.

మార్తమ్మ ఊళ్ళోకి పోయి అడిగింది. మొక్కల మధ్య కర్రలు పాతితే పిట్టలు వాలి పురుగుల్ని తింటాయని మందుల కొట్టతను సలహా ఇచ్చాడు. చేపల్ని ఎత్తుకుపోకుండా రోజంతా డబ్బా వాయించి కొంగల్ని తోలడమే ఎలీషా ఉద్యోగం. ఇక పిట్టల్ని పిలిచి కూర్చోబెట్టమంటాడా? ఆవిడ కొట్టతన్ని తిట్టిన తిట్లు రాయడం నా వల్ల కాదు.

సరే, చేత్తోనే ఏరుతానంది. పొద్దున్నా సాయంత్రం ఆకు ఆకూ తిరగేసి, పురుగుల్నీ తొలిచిన కాయల్నీ చెరువులోకి విసిరేది. చేపలు ఆ రుచి మరిగాయి. కానీ ఎంత ఏరినా తెల్లారేసరికి ఆకుల మీద మళ్ళీ కొత్త గుడ్లు.

ఒకనాడు మునిమాపువేళ ఏరి ఏరి మొక్కల పక్కనే కూలబడింది. అప్పుడే ఎలీషా లైటు వేశాడు. ఎలకలు రాకుండా ఆయనే మొక్కల మీదకి వేలాడదీసిన బల్బు అది. కాసేపటికి గోధుమరంగు రెక్కల పురుగులు బిలబిలా వచ్చి, దాని చుట్టూ తిరిగి, ఆకుల మీద వాలి గుడ్లు పెట్టాయి. మార్తమ్మ కళ్ళారా చూసింది.

"ఏవయ్యా, వీటికి దీపం పెట్టి మరీ భోజనాలు పెడుతున్నావా?"

 ఆ పూటే ఎలీషా చేత బల్బు ఊడదీయించి, వెదురు గెడకి కట్టించి, చెరువు నీళ్ళ మీదకి వంచింది. రెక్కల పురుగులు వెలుగు చుట్టూ తిరిగి తిరిగి నీళ్ళలో పడ్డాయి. బొచ్చె చేపలు ఎగిరెగిరి పట్టాయి. మార్తమ్మ గట్టున కూర్చుని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మొక్కల మీద మిగిలిన పురుగుల్ని ఆ వారంలోనే ఏరి పారేసింది.

పట్టుబడి రోజు గంగాధరరావు గారు నేరుగా మొక్కల దగ్గరికే వచ్చారు. వంగి ఆకులు తిప్పి చూశారు. పాత చిల్లులు తప్ప ఏమీ లేవు. ఎర్రటి కాయ ఒకటి కోసి, చొక్కాకి తుడిచి, అక్కడే కొరికారు.

"ఏ మందు కొట్టావు మార్తమ్మా?"

"మీ చేపల్నడగండి బాబుగారూ."

ఆయన నవ్వి, మొక్కలు ఉంచుకోమన్నారు. ఇంకొకరైతే దణ్ణం పెట్టి ఊరుకునేవారే. మార్తమ్మ తన జన్మలో ఏ ఆసామినీ కూలి తప్ప మరొకటి అడిగి ఎరగదు. ఆ రోజు మాత్రం కొంగు దోపుకుని చెరువు అవతలికి చెయ్యి చూపించింది.

"ఆ గట్టు కూడా నాకివ్వండి. వంగ వేస్తాను."

ఆయన ఆవిడ వంక ఓసారి చూసి, పట్టుబడికి వచ్చిన మనుషుల్ని కేకేశారు.

"ఒరేయ్, ఆ గట్టు మీద వలలు తీసెయ్యండి. అది మార్తమ్మది."