దర్జీ భార్యకు రాని జబ్బు

మా దర్జీ ఒకసారి మేఘానికి కొలతలు తీసుకుని చొక్కా కుట్టాడు. నమ్మకం కుదరడం లేదా? సరే, మేఘం కాదనుకోండి. ఇస్త్రీపెట్టె కింద తడిగుడ్డలోంచి లేచిన ఆవిరి. చొక్కా కూడా పూర్తిగా కుట్టలేదు. టేపు పట్టుకుని దాని భుజాల దాకా వెళ్ళాడు, అంతలో వాళ్ళావిడ వచ్చి కిటికీ తెరిచింది. ఇంతకంటే ఒక్క పిసరు కూడా తగ్గించను. ఆ మనిషి పట్టపగలు, పని చేస్తూనే, కళ్ళు తెరుచుకుని కలలు కనే రకమని తెలియకపోతే తర్వాత జరిగినదానికి తలాతోకా దొరకదు.

ఇంటి ముందు గదే అతని కొట్టు. నడుమ గుడ్డలు కోసే బల్ల, కిటికీ పక్కన మిషను, గోడకు సగం కుట్టిన చొక్కాలు. ఫ్యాను తిరిగినప్పుడల్లా ఆ చొక్కాలు చేతులూపి పలకరించేవి. అతనూ తల ఊపేవాడు. గుమ్మంలో కూర్చుని కాజాలు, గుండీలు కుట్టే పని వాళ్ళావిడది. ఆవిడ నోరు దారపు ఉండకంటే పొడుగని దర్జీ అంటే, ఊళ్ళో వాళ్ళందరికీ కుట్టిపెట్టే మనిషికి పెళ్ళాం నోరు కుట్టడం మాత్రం చేతకాలేదు పాపం అని ఆవిడ జాలిపడేది.

అతని ఎడమ జేబులో ఎప్పుడూ గుండుసూదుల రేకు డబ్బా ఉండేది. బల్ల మీదికి వంగి కోత మొదలుపెడితే ఆ డబ్బా రొమ్ముకు ఒత్తుకునేది. అందుకే చనుమొన వెనకాల ఒకరోజు చొక్కా గుండీ అంత గట్టిగా ఏదో చేతికి తగిలితే అతను కంగారుపడలేదు. కత్తెర పట్టీ పట్టీ బొటనవేలు కాయ కాసింది. పెడలు తొక్కీ తొక్కీ మడమ కాయ కాసింది. ఇప్పుడు రొమ్ము వంతు వచ్చిందనుకున్నాడు. నొప్పి కూడా లేదు. డబ్బాను కుడి జేబులోకి మార్చి, కాయ దానంతటదే కరిగిపోతుందని నిశ్చింతగా ఉన్నాడు.

కరగలేదు సరికదా, చొక్కా గుండీ కాస్తా కోటు గుండీ అయింది. దారం బిగిస్తే గుడ్డ లోపలికి గుంటపడినట్టు చనుమొన లోపలికి లాక్కుపోయింది. ఒకరోజు బట్టలు ఉతుకుతూ భార్య అతని బనీను మీద చిన్న నెత్తుటి చుక్క చూసింది. సూది గుచ్చుకుందన్నాడు. చొక్కాకు అంటకుండా బనీనుకు మాత్రమే గుచ్చుకునే సూది ఎక్కడ అమ్ముతారో చెబితే తనూ ఒకటి కొనుక్కుంటానంది ఆవిడ. ఆ పోరు పడలేక ఆసుపత్రికి వెళ్ళాడు.

అక్కడ డాక్టరమ్మ గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక కూర్చోబెట్టి, ఇది రొమ్ము క్యాన్సర్ అని చెప్పింది.

"అది ఆడవాళ్ళకు కదండీ వచ్చేది?" అన్నాడు దర్జీ, ఎవరి చొక్కానో పొరపాటున తనకు తొడిగినట్టు.

మగవాళ్ళకు కూడా చనుమొన వెనకాల రొమ్ము కణజాలం కొద్దిగా ఉంటుందని, ఈ జబ్బు వచ్చినవాళ్ళలో నూటికి ఒక్కడు మగవాడు ఉంటాడని ఆవిడ ఓపిగ్గా చెప్పింది. తమకు రాదనే ధీమాతో చాలామంది ఆలస్యంగా వస్తారట. రేకు డబ్బాకు ఏ పాపమూ తెలియదట. ఆపరేషన్ చేసి, తర్వాత కొన్నేళ్ళు మాత్రలు వాడితే బాగుపడే దశలోనే ఉన్నాడట, ఇంకా నాన్చకపోతే. మరిన్ని పరీక్షలకు రమ్మని, ఈసారి ఇంట్లోవాళ్ళను వెంటబెట్టుకు రమ్మని చెప్పింది.

దర్జీ ఇంటికి వచ్చి, కొవ్వు గడ్డ, మందుకు పోతుందట అన్నాడు. ఒంటరిగానే మళ్ళీ వెళ్ళాడు.

పరీక్షల గది ముందు పొడుగాటి వరండా. ఆకుపచ్చ తెరల్లోంచి వడకట్టుకుని వచ్చే వెలుతుర్లో మనుషులు నీళ్ళ అడుగున కూర్చున్నట్టుండేవారు. అందరూ ఆడవాళ్ళే. అందులో బస్సు కండక్టరుగా పనిచేసే ఒకావిడ కాస్త జరిగి అతనికి చోటిచ్చింది.

"వదిన లోపలుందా అన్నయ్యా?"

అవునన్నాడు. అంతే, ఒక్క మాట. కానీ అబద్ధం కూడా గుడ్డ లాంటిదే, ఒక్క పోగు లాగితే చాలు, మిగతాది దానంతటదే వస్తుంది. వదినకు ఏ వైపు, ఎప్పటినుంచి, అన్నం సయిస్తోందా అని వాళ్ళడిగారు. అతను చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆ తెరల వెనకాల మంచం మీద వాళ్ళావిడ నిజంగానే, మాటా పలుకూ లేకుండా పడుకుని ఉన్నట్టు కనిపించింది. ఆవిడ మాట్లాడకుండా ఉండటమన్నది ఊహకే భరించరానిదై అతనికి కన్నీళ్ళు ఆగలేదు. ఇలాంటి మొగుడు కోటికొక్కడని ఆడవాళ్ళంతా కళ్ళొత్తుకున్నారు. ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చారు. వదినకని పళ్ళు సంచీలో పెట్టారు. తన పిలుపు వచ్చినప్పుడల్లా, ఆవిణ్ణి ఒకసారి చూసొస్తానని లేచి లోపలికెళ్ళి, పరీక్ష చేయించుకుని వచ్చేవాడు.

ఆ రోజుల్లో అతనికి ఓదార్పుకు లోటు లేదు. లోటల్లా ఒక్కటే, అదంతా ఇంట్లో రాయిలా ఉన్న ఇంకో మనిషి పేరున వచ్చేది. డాక్టరమ్మ ఆపరేషన్‌కు తేదీ అడిగితే ఒకసారి స్కూలు యూనిఫాంలన్నాడు, ఇంకోసారి మిషను బాగుచేయించాలన్నాడు. వాయిదాకు వాయిదా తోడయింది. కోటు గుండీ మాత్రం వాయిదా వేయలేదు, పెరుగుతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం కండక్టరమ్మ, వరండాలో దర్జీ మాటల్లో చెప్పిన గుర్తులతో వెతుక్కుంటూ, యూనిఫాం చొక్కా పట్టుకుని కొట్టుకు వచ్చింది. ఆపరేషన్ అయిన వైపు పెట్టుకునే మెత్త జారిపోతోంది, దానికి లోపల జేబు కుట్టించుకోవాలి. గుమ్మంలో గుండీలు కుడుతున్న దర్జీ భార్య కనిపించింది.

"వదినా, నువ్వేనా? ఆపరేషన్ ఎప్పుడు పెట్టారు?"

మిషను చక్రం ఆగిపోయింది. దర్జీ తలెత్తలేదు. భార్య ఆ వచ్చినావిడను చూసింది. ఆవిడ ఒంటి మీద ఒకవైపు చదునుగా ఉన్న చోటును చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది. బనీను మీది చుక్కా, కొవ్వు గడ్డా, ఒంటరి ప్రయాణాలూ అన్నీ ఒక్క దారాన వచ్చి పడ్డాయి. ఆ నోరు మాట కోసం వెతుక్కోవడం పెళ్ళయ్యాక అదే మొదలు.

"వాయిదా వేస్తున్నా వదినా," అంది సూదిలోకి దారం ఎక్కిస్తూ. "భయం."

"కత్తంటేనా?"

"కత్తి కాదనుకుంటా. నలుగురూ ఏమంటారోనని. కట్టుకున్న మనిషికి కూడా చెప్పుకోలేనంత సిగ్గు."

కండక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. తన సంగతి చెప్పుకొచ్చింది. టికెట్ల సంచీ పట్టీ ఒరుసుకుని వాచిందనుకుని తనూ చాలాకాలం ఊరుకుందట. తెలిశాక కూడా డ్రైవరు ముందు తల తిప్పుకునేదట. ఆ వరండాలో కూర్చున్నాకే, సగం భయం అక్కడివాళ్ళు పంచుకుని తీసుకుపోయారట.

"మనం సిగ్గుపడి తలుపేసుకుంటే అది లోపలే కూర్చుని తింటుంది వదినా. అన్నయ్యకు చెప్పు."

"చెబితే ఏడుస్తాడేమో."

"ఏడవనీ."

"అవును, ఏడవనీ. కళ్ళు తుడవడానికి గుడ్డపేలికలకు ఈ ఇంట్లో కరువా?" అంది దర్జీ భార్య. అప్పటికి ఆవిడ సూదిలో దారం ఎక్కనేలేదు.

దర్జీ లేచి వచ్చి ఆ సూది తీసుకుని దారం ఎక్కించి ఇచ్చాడు.

"ఆవిడకు కాదమ్మా," అన్నాడు. "నాకు."

"తెలుసన్నయ్యా," అంది కండక్టరమ్మ. "పెళ్ళాన్ని చూసొస్తానని లోపలికెళ్ళిన మనిషి గుండీలు మార్చి పెట్టుకుని బయటికొస్తే, అదీ దర్జీ అయ్యుండి, ఎవరు నమ్ముతారు? మీ అంతట మీరు చెప్పేదాకా ఆగుదామని అందరం అనుకున్నాం. మీరు తేదీలు దాటేస్తున్నారని నర్సు నోట విని ఇక ఆగలేకపోయాను."

కండక్టరమ్మ వెళ్ళాక దర్జీ మళ్ళీ మిషను ముందు కూర్చున్నాడు. గోడ మీద చొక్కాలు మెల్లగా ఊగుతున్నాయి. భార్య, నాకని పంపిన పళ్ళేవి అని అడిగింది. దారిలో తినేశానని ఒప్పుకున్నాడు. రోగం మీకు, పరామర్శ నాకు, పళ్ళు మళ్ళీ మీకేనా అని, కొంగుతో ముఖం కప్పుకుని అప్పుడు ఏడ్చింది. మర్నాడు ఇద్దరూ కలిసి వెళ్ళి తేదీ పెట్టించుకున్నారు.

మత్తులో దర్జీ ఒక తెల్లటి గుడ్డ తానుగా మారిపోయాడు. చల్లటి బల్ల మీద ఎవరో అతన్ని పరిచి, అరచేతితో ముడతలు సవరించి, సుద్దతో గీత గీశారు. కత్తెర నీళ్ళలో చేపలా నడిచింది. కొట్టులోని చొక్కాలన్నీ వరసగా వచ్చి, చేతులు ఊపి, కుశలమడిగి, కిటికీలోంచి ఎగిరి వెళ్ళాయి. ఒక్క చొక్కా మాత్రం వెళ్ళకుండా, అంచు మడత జాగ్రత్త అంటూ సణుగుతూనే ఉంది. కళ్ళు తెరిస్తే పక్కన వాళ్ళావిడ నర్సుతో కట్టు గురించి వాదిస్తోంది. అంత కమ్మటి గొంతు తను ఎన్నడూ వినలేదనుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

తర్వాత అతను వరండా ఆడవాళ్ళ మధ్య తన సొంత జబ్బుతో కూర్చున్నాడు. వాళ్ళు వారానికోసారి ఒక గదిలో కలుసుకుని కష్టసుఖాలు చెప్పుకునేవారు. మాత్రల వల్ల అతనికి ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు లేచేవి, చెమటలు పోసేవి. మొదటిసారి అలా అయినప్పుడు బిత్తరపోయాడు. గదంతా పడిపడి నవ్వింది. ఇన్నాళ్ళకు ఒక మగవాడికి మా బాధ తెలిసిందని, ఒకావిడ తన విసనకర్ర ఇచ్చేసింది. వాళ్ళ జాకెట్లకు లోజేబులన్నీ అతనే కుట్టిపెట్టాడు. ఇప్పటికీ కొట్టుకు వచ్చే మగవాళ్ళకు కొలతలు తీస్తూ, ఛాతీ దగ్గర ఒక్క క్షణం ఆగి, ఇక్కడేమైనా గట్టిగా తగులుతోందా అని అడుగుతాడు. చాలామంది చక్కిలిగింత అనుకుని నవ్వేస్తారు.

ఈ కథంతా మొన్న అతనికే వినిపించాను. మెడలో టేపు వేసుకుని, విసనకర్రతో విసురుకుంటూ చివరిదాకా ఓపిగ్గా విన్నాడు.

"అంతా అబద్ధం," అన్నాడు. "నాకు ఏ జబ్బూ రాలేదు. ఏ ఆసుపత్రికీ వెళ్ళలేదు. మా ఆవిడ ఎవరి దగ్గరా నటించలేదు. ఆ కండక్టరమ్మ ఎవరో నాకు తెలియదు. చేతులు పైకెత్తండి, కొలత తీసుకోవాలి."