మూర్తిగారు ఆడిన తొమ్మిది గుంటలు

శ్రీరామచంద్రమూర్తి గారికి తన మీద తనకి మహా మంచి అభిప్రాయం ఉండేది. లోవర్ హట్ అనే ఊళ్ళో సొంతిల్లు, పక్కనే వెల్లింగ్టన్‌లో కంప్యూటర్ల ఉద్యోగం, రైల్లో ఎదురుగా కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషిని కూడా నవ్వుతూ పలకరించే అలవాటు. పాతికేళ్ళ కిందట కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో ఒకే ఫ్లాట్‌లో నలుగురితో సర్దుకుని, ఎవరితోనూ మాట పడకుండా బతికిన మనిషి. తాను ఎవర్నీ నొప్పించే రకం కాదని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకం మొన్న ఒక శనివారం మధ్యాహ్నం దాకా బాగానే నిలబడింది.

కూతురు నిహారిక ఒక ఫిజీ కుర్రాణ్ణి చేసుకుంటానంది. పేరు రోహిత్ నాయుడు. ఆ పేరు విని మూర్తిగారి భార్య రమామణి గారు "మనవాళ్ళేనేమోనండీ" అని కాస్త ఆశపడ్డారు. కానీ కుర్రాడికి తెలుగు ముక్క రాదు, ఇంట్లో మాట్లాడేదంతా ఫిజీ హిందీ. వందేళ్ళ కిందట చెరుకు తోటల్లో కూలికి ఓడెక్కి వెళ్ళినవాళ్ళ సంతతి. మూర్తిగారు అవుననలేదు, కాదనలేదు. "చూద్దాం" అన్నారు. మన ఇళ్ళల్లో ఆ మాటకి అర్థమేమిటో నిహారికకి బాగా తెలుసు.

"నాన్నా, రోహిత్ వాళ్ళ తాతగారితో ఒక్క రౌండ్ గోల్ఫ్ ఆడు. ఆయన్ని చూశాక కూడా నువ్వు నో అంటే నేను వింటాను, ప్రామిస్. నీతో మాట్లాడాలని ఆయన ఎంత వెయిట్ చేస్తున్నారో నీకు తెలీదు" అంది.

అంతటి అవకాశం చేతికొస్తే ఏ తండ్రి వదులుకుంటాడు? మూర్తిగారు తోడుకి బావమరిదిని తీసుకుని బయల్దేరారు. ఈ బావమరిదికి నలభై దాటినా ఇంట్లో ఇంకా బంటీయే, బుద్ధి కూడా ఆ పేరుకి తగ్గట్టే ఉండిపోయింది.

ఆడాల్సిన చోటు వైయూరు అనే ఊరి దగ్గర, డెజర్ట్ రోడ్ పక్కన. ఎడారి అన్నారు కదా అని ఒంటెల్ని ఊహించుకోకండి. అక్కడ చలి ఎముకలు కొరుకుతుంది. బూడిదరంగు ఇసక, దాని మీద ఎండిపోయిన గడ్డి దుబ్బులు, వెనకాల నెత్తిన మంచుతో రువాపెహు కొండ. ఆ ఇసకలోనే ఊరివాళ్ళు తొమ్మిది గుంటల చిన్న గోల్ఫ్ మైదానం ఒకటి వేసుకున్నారు. గడ్డి కోసే పని గొర్రెలది. గుంట ఉన్న నున్నటి చోటు చుట్టూ మాత్రం తీగ కంచె కట్టారు.

గేటు దగ్గర ఆ తాతగారు, సింహాచలం నాయుడు గారు నిలబడి ఉన్నారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యారు. చెవుల మీదికి లాగిన ఉన్ని టోపీ, మోకాళ్ళ కిందికి వేలాడే కోటు. కారు ఆగగానే రెండు చేతులూ జోడించి ఏదో అనబోయారు.

ఈలోగా బంటి నవ్వుతూ దిగాడు. "బావా, దిష్టిబొమ్మని పొలంలో కదా పెడతారు, గేటు దగ్గర పెట్టారేంటి?"

మూర్తిగారికి నవ్వాగలేదు. సింహాచలం గారు తెరిచిన నోరు మూసేశారు. ఒక్క క్షణం ఆగి, "వెల్కమ్, వెల్కమ్" అన్నారు.

పరాయి దేశంలో మనవాళ్ళకి ఈ సుఖం ఒకటుంది. లిఫ్టులో, షాపులో, బస్సులో ఎదుటి మనిషి ముక్కు వంకర గురించి అతని ముందే తెలుగులో తీరిగ్గా చర్చించుకోవచ్చు. మొహం మీద నవ్వు చెదరకుండా చూసుకుంటే చాలు. మూర్తిగారు పాతికేళ్ళుగా చేస్తున్న పనే ఇది. అదొక తప్పని ఆయనకి ఏనాడూ తోచలేదు.

ఆట మొదలైంది. మూర్తిగారి బంతి గొర్రెల మధ్యకీ, గడ్డి దుబ్బుల్లోకీ తిరిగి తిరిగి ఎప్పటికో గుంట దగ్గరికి చేరేది. జానెడు దూరంలో ఆగగానే సింహాచలం గారు చెయ్యెత్తి, "గుడ్ ఎనఫ్. పిక్ ఇట్ అప్" అనేవారు. సరదాగా ఆడుకునే చోట అదొక మర్యాద. ఎదుటివాడు ఆ మాటంటే బంతి గుంటలో పడ్డట్టే లెక్క, ఇక కొట్టక్కర్లేదు.

"పిల్ల కావాలి కదా, కాకా పడుతున్నాడు ముసలాడు" అన్నాడు బంటి.

అయిదో గుంట దగ్గర వాడే అడిగాడు. "ఇంతకీ అమ్మాయికి ఏం చెప్తావు బావా?"

సింహాచలం గారు రెండడుగుల దూరంలో నిలబడి గుడ్డతో బంతి తుడుస్తున్నారు. మూర్తిగారు ఆయన వైపు చూసి నవ్వి, బొటనవేలు పైకెత్తి చూపించి, అదే నవ్వుతో తెలుగులో అన్నారు. "చెప్పేదేముంది? కూలికి పోయిన జనం. ఆ ఓడల్లో ఎవరి పక్కన ఎవరు పడుకున్నారో, ఈయన అమ్మమ్మ ఎవరో, ఏ ఊరిదో వీళ్ళకే తెలీదు. అలాంటి కొంపకి పిల్లనెలా ఇస్తాం? ఆట అయ్యాక మర్యాదగా నో చెప్పేద్దాం."

సింహాచలం గారు ఆ బంతిని చాలాసేపు తుడిచారు. అది ఎప్పుడో శుభ్రమైపోయింది.

ఆ తర్వాత ఆయన పెద్దగా మాట్లాడలేదు. మంచులా చల్లటి గాలి వీస్తోంది కదా, పెద్దాయన అలిసిపోయాడనుకున్నారు మూర్తిగారు. తొమ్మిదో గుంట దగ్గర మూర్తిగారి బంతి మళ్ళీ జానెడు దూరంలో ఆగింది. ఆయన కొట్టడానికి వంగారు.

"సాలు నాయనా. తీసుకో."

వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయారు. ఆ గొంతు బంటిది కాదు.

బంటి మొహం తెల్లబోయింది. ఫోనేదో వచ్చినట్టు జేబు తడుముకుంటూ కారు వైపు జారుకున్నాడు. మూర్తిగారికి జారుకునే వీలు కూడా లేదు. గేటు దగ్గర్నుంచి తామన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. అయిదో గుంట దగ్గరికి వచ్చేసరికి చెవులు మండాయి. సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏమిటో ఆయనకి యాభై నాలుగేళ్ళ వయసులో తెలిసింది.

"మాయమ్మమ్మ పేరు పైడమ్మ" అన్నారు సింహాచలం గారు. కోపంగా కాదు, మరిచిపోయిన మాటల్ని వెతుక్కుంటూ. "ఇజీనారం కాడ ఊరు. మాకు తెలుసు నాయనా."

"అంకుల్..." అన్నారు మూర్తిగారు.

"మాయమ్మ పోయాక తెలుగు నా సెవిన పళ్ళేదు. మళ్ళీ మీ పిల్ల నోటే ఇన్నాను. దానికీ సరిగా రాదు కదా. మీరొత్తారంటే, ఇయ్యాల కడుపునిండా ఇందామనుకున్నాను." ఆయన వంగి మూర్తిగారి బంతి తీసి, తుడిచి, చేతిలో పెట్టారు. "ఇన్నాను."

తిడితే బాగుండునని మూర్తిగారికి అనిపించింది. కొట్టినా బాగుండును. అప్పుడే జేబులో ఫోన్ మోగింది. చూస్తే నిహారిక, వీడియో కాల్.

"నాన్నా! తాతగారు తెలుగులో మాట్లాడారా? షాకయ్యావా? నీకు సర్‌ప్రైజ్ ఇవ్వాలని నెల్రోజులుగా నాతో ఫోన్లో ప్రాక్టీస్ చేస్తున్నారు. ఎలా ఉంది ఆయన తెలుగు?"

సింహాచలం గారు పక్కకొచ్చి ఫోన్లోకి తొంగి చూశారు.

"మీ నాన్న శానా బాగా మాటాడాడమ్మా. నాకు ఇసుగు రానీకుండా తొమ్మిది గుంటలూ మాటాడతానే ఉన్నాడు."

"చూశావా నాన్నా!" నిహారిక మొహం వెలిగిపోయింది. ఆ వెంటనే కాస్త భయం కూడా వచ్చింది. "అయితే ఇప్పుడు చెప్పు. ఎస్సా, నోనా? ప్రామిస్ చేశాను కదా, నువ్వేమన్నా వింటాను."

మూర్తిగారు గోల్ఫు కర్ర కింద పడేసి, ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని సింహాచలం గారికి అందించారు.

"నన్నడక్కమ్మా" అన్నారు. "నాలాంటివాడి కూతుర్ని వాళ్ళింటి కోడలిగా చేసుకుంటారో లేదో, ముందు ఆయన్నడుగు."