రంపం తిన్న చెక్క

పెనుగొండలో ఒక షావుకారు గారి తల్లి పోయాక, ఆవిడ ఉయ్యాలబల్లని తోబుట్టువులు నలుగురికీ నాలుగు పీటలుగా కోయమని వడ్రంగినైన నాకు అప్పగించారు. ఆరడుగుల టేకుబల్ల అది. వాళ్ళు పెట్టుకున్న డిజైనరు కంప్యూటర్లో ‘స్ప్లిట్’ కొట్టి బల్లని నాలుగు సమభాగాలు చేసి, పీటకి పద్దెనిమిది అంగుళాలని కాగితం ఇచ్చాడు.

ఆ సాఫ్ట్‌వేర్ అరవై దాటాక నేనూ సొంతంగా నేర్చుకున్నదే. అందులో ముక్కలు విడదీసి పక్కకి జరిపితే రవ్వంత పొట్టు కూడా రాలదు.

"ప్రతి కోతకీ రంపం కాస్త చెక్క తింటుందండి. నాలుగూ కొంచెం తగ్గించి సమానంగా కోస్తాను" అన్నాను.

"స్క్రీన్ మీద సరిపోయిందిగా తాతగారూ! కొలత మార్చకండి" అన్నాడు డిజైనరు. షావుకారు గారూ అతనికే వత్తాసు.

మూడు పీటలు కొలతకి వచ్చాయి. నాలుగోది పావంగుళం పైనే తగ్గింది.

"ఏం అన్నయ్యా, చిన్నదాన్నని నాకు చిన్న పీటా?" అంటూ షావుకారు గారి చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"పెద్దాయన చెయ్యి వణికిందిలేమ్మా" అన్నారాయన, నా ఎదురుగానే!

యాభై ఏళ్ళు రంపం పట్టిన చెయ్యండీ ఇది. కింద రాలిన పొట్టు గుప్పిటతో తీసి ఆవిడ ముందు పోశాను.

"మీ పీటలో తగ్గింది ఇదేనమ్మా. కోయకముందే చెప్పాను. నా చెయ్యి వణికిందో లేదో మీ అన్నయ్యగారినే అడగండి."